ఎడమ మర

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరం గొంతు పెంచలేదు. గట్టిగా అరిచింది కొలిమిలో ఇనుము బిగించి పట్టే పాత వైసు ఒక్కటే.

బడికి సెలవులిచ్చిన రెండో రోజో మూడో రోజో. నేను వెనక గదిలో కూర్చుని ఏడో తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ముందు కొలిమిలో వదిన చువ్వలు మెలితిప్పుతోంది. ఇనుము ఇనుముని గీరుకున్న చప్పుడు, వెంటనే ఏదో నేల మీద పడ్డ చప్పుడు. ఎర్ర సిరా కలం చేతిలో ఉండగానే పరుగెత్తాను.

వదిన నేల మీద చతికిలబడి ఉంది. చీర అంచుకి జానెడు దూరంలో కాలిన చువ్వ ఇంకా ఎర్రగానే ఉంది.

"కాలిందా?"

"లేదులే పంతులమ్మా. పక్కన పడింది. ముసలిదైనా మర్యాద తెలిసిన వైసు."

ఆమె నవ్వలేదు. ఊరికే అంది. అన్నయ్య ఉన్నప్పుడు ఇద్దరూ పని చేస్తూ మాటకి మాట విసురుకునేవాళ్లు. ఇప్పుడు ఆమె నోట్లోంచి ఆ మాటలు అలవాటు కొద్దీ వస్తున్నాయి, అందుకునే మనిషి లేకుండా.

మాది కాలి వైసు. మామూలు వైసుని బల్లకి బిగిస్తే చాలు. దీనికి నేలదాకా ఇనుప కాలుంటుంది. ఆ కాలు నేలలో పాతిన రాతి గుంటలో నిలబడుతుంది. పైన దవడల మధ్య పెట్టి ఎంత సమ్మెట దెబ్బ వేసినా బల్ల కదలదు, దెబ్బ కాలిలోంచి నేలలోకి పోతుంది. మా తాత రోజుల నుంచీ ఈ ఇంటి దెబ్బలన్నీ ఆ గుంటలోకే పోయాయి.

పిడి తిప్పితే చుట్లున్న కడ్డీ, అదే మర, తిరిగి దవడల్ని బిగించాలి. నేను పట్టుకుని తిప్పి చూశాను. ఎటు తిప్పినా ఒకేలా తిరిగింది. దవడలు కదల్లేదు.

"పోయిందా?" బయట్నుంచి నాన్న అడిగాడు.

అన్నయ్య పోయినప్పట్నుంచీ ఆయన కొలిమి గడప దాటలేదు. గుమ్మం పక్కన చెక్క బెంచీ మీద, కొలిమికి వీపు పెట్టి, వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. అడగడం కూడా వీధినే అడిగినట్టు అడిగాడు.

"మర అరిగిపోయింది మామయ్యా," అంది వదిన.

"మనిషే పోయాడు. మర ఎంత."

అసలా రోజుల్లో ఆయన మాట్లాడే మాటలేవీ జవాబు కోసం కావు.

*

విరిగింది వైసే అయినా పోయేది కొలిమి. అదెలాగో చెప్పాలి.

మా బడికి కొత్తగా మేడ కట్టారు. మెట్లకి ఇనప రెయిలింగు అన్నయ్య చేస్తున్నాడు. నలుచదరపు చువ్వలు, ఒక్కో చువ్వకి నడుమ మెలిక. కింది మెట్ల వరస, మలుపు దాకా, పూర్తి చేసి బిగించాడు. పై వరసకి చువ్వలు కోసి కొలిమిలో గోడకి చేరేశాడు. ఆ వారంలోనే ఒక పొద్దున కొలిమి ముందు గుండె పట్టుకుని కూర్చున్నాడు. అంతే. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, చెప్పడం నాకు చేతకాదు కూడా.

హెడ్‌మాస్టరుగారు మంచాయన. "బడి తెరిచేదాకా ఆగుతానమ్మా," అన్నారు నాతో. "ఆ పైన నా చేతుల్లో లేదు. పిల్లలెక్కే మెట్లు, ఒట్టిగా వదల్లేను. వెల్డింగు షాపువాళ్లతో గొట్టాలు పెట్టిస్తాను."

అదే వారం పాత ఇనుము కొనేవాడు బండి తోసుకుంటూ వచ్చాడు. మనిషి పోయిన ఇల్లు ఈ బండివాళ్లకి ఎలా తెలుస్తుందో తెలియదు. నాన్న వాడిని కూర్చోబెట్టి మాట్లాడాడు. "బడి తెరిచే నాటికి రా. దాగలి దిమ్మతో సహా మొత్తం పట్టుకుపోదువుగాని," అన్నాడు.

లోపల గిన్నెలు తోముతున్న వదిన విన్నది. ఆ పూట అన్నాల దగ్గర, నాన్న కంచంలో కూర వేస్తూ అంది:

"మామయ్యా, ఆ రెయిలింగు నేను పూర్తి చేస్తాను. మీరు చెప్పిన గడువులోపలే. పూర్తయితే కొలిమి ఉంటుంది, నేను నడుపుకుంటాను. కాకపోతే మీరు అన్నట్టే."

నాన్న అన్నం చాలాసేపు కలిపాడు.

"చెయ్యి," అన్నాడు చివరికి. ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. చేస్తే చూద్దాం అన్నట్టూ లేదు.

వదినకి పని కొత్త కాదు. పెళ్లయిన మర్నాటి నుంచీ సమ్మెట పట్టింది. అన్నయ్య ఇనుము పట్టుకుంటే ఆమె దెబ్బ వేసేది, ఆయన వైసులో పెడితే ఆమె పక్కనుంచి పిడి తిప్పి బిగించేది. తేడా ఒకటే. ఇప్పుడు పట్టుకోవడం, పెట్టడం, తిప్పడం, కొట్టడం అన్నీ ఆమెవే. నేను సెలవుల్లో ఉన్నాను కాబట్టి నిప్పు రగలడానికి గాలి చక్రం తిప్పేదాన్ని. కమ్మరి కూతురికి అదీ రాకపోతే ఎలా.

ఆమె మెలితిప్పగలిగింది మూడు చువ్వలే. నాలుగోదానికి వైసు చెయ్యి విడిచింది.

*

మర్నాడు వైసు విప్పాం.

ముందు కిరసనాయిలు పోసి నానబెట్టాం. బల్లకి పట్టి ఉంచే ఇనుప పట్టీలో చీలలు కొట్టి ఊడదీశాం. కింద ఇరుసు బోల్టు తుప్పు పట్టి ఎంతకీ రాలేదు. వదిన దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ తిట్లకి సిగ్గుపడ్డట్టు చివరికి ఒక్కసారిగా ఊడొచ్చింది.

"చూశావా, మంచి మాటకి రాని చుట్టం," అంది.

రెండు దవడలూ విడిపోయాయి. మధ్యలో ఉండే స్ప్రింగు పట్టీ, మర వదులు చెయ్యగానే ముందు దవడని వెనక్కి నెట్టేది, లోపల సన్నగా పగిలి ఉంది. మర బయటికి లాగాం. ఒకప్పుడు చదరంగా ఉండాల్సిన పళ్లు రంపం పళ్లలా పలచబడ్డాయి. అది దూరే నట్టు, చేతి మందం గొట్టం, లోపల నున్నగా అద్దంలా ఉంది. అందులో మర చుట్లు అసలు లేవు.

గొట్టం అంచున గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది. దాని మీద బొటనవేలి ముద్ర ఒకటి, లోతుగా, గీతలతో సహా.

వదిన చూసింది. నేనూ చూశాను. కిరసనాయిలు గుడ్డ ఆమె చేతిలో ఉంది. కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత తుడిచేసింది.

"గ్రీజు ఉంటే కొత్తది సరిగా కూర్చోదు," అంది నా వైపు చూడకుండా.

నేను తల ఊపాను. బోల్టులన్నీ ఏరి డబ్బాలో వేసి, డబ్బా మీద మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాను.

ఆ మర ఎడమ మర. లోకంలో ఏ వైసైనా కుడికి తిప్పితే బిగుస్తుంది. మాది ఎడమకి తిప్పితే బిగుస్తుంది. అన్నయ్యది పుర్రచేతివాటం. వీధిలో అందరికీ ఆయన పుర్రమేస్త్రి. సుత్తి ఎడంచేత పట్టేవాడికి ఇనుము కుడిచేతిలో ఉంటుంది, వైసు బిగించడానికి ఎడంచెయ్యే మిగులుతుంది. ఎడంచేత్తో కిందికి నొక్కి బిగించాలంటే మర ఎడమకి తిరగాలి. చిన్నప్పుడు ఆ చేతికి గుడ్డ కట్టమని, వాత పెట్టమని సలహా చెప్పనివాళ్లు లేరు. నాన్న పిల్లాడి చేతిని వదిలేసి వైసు మర మార్పించాడు.

వదినది కుడిచెయ్యి. పక్కన నిలబడి తిప్పినంత కాలం ఆమెకి ఇబ్బంది లేదు. ఎదురుగా నిలబడేసరికి, కిందికి నొక్కాల్సినది పైకి లాగాల్సి వచ్చేది. బలం చాలక పిడికి పొడుగాటి పైపు తొడిగి లాగింది. అరిగిన మర ఆ లాగుడికి ఆగలేదు.

*

ఇనుముని తిప్పి మరలు కోసే లేతు మేస్త్రి దుకాణం పెద్ద రోడ్డు మీద, టైర్ల షాపుకీ బ్యాటరీల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఆయన పాత మర చేతిలోకి తీసుకుని, ముందు కళ్లజోడు పైకి నెట్టి, తర్వాత కిందికి దించి చూశాడు.

"పుర్రమేస్త్రి మర," అన్నాడు. "ఏడాదికోసారి వచ్చి బాగుచేయించమని నేను చెప్తే, 'నా వైసుకి నీ లేతు మీద నమ్మకం లేదురా' అనేవాడు. ఇప్పుడు వచ్చిందా నా దగ్గరికి." మర బల్ల మీద పెట్టి, "కూర్చోండి టీచరుగారూ. నువ్వూ కూర్చో చెల్లెమ్మా," అన్నాడు.

రెండు స్టూళ్లు. ఒకదాని మీద గేరు చక్రం ఉంది. దాన్ని కింద పెట్టి నేను కూర్చున్నాను. వదిన కూర్చోలేదు.

"మర కొత్తది కొయ్యాలి. నట్టూ కొత్తదే. స్ప్రింగు మీరే చేసుకుంటారా?"

"చేసుకుంటాం అన్నయ్యా."

"ఇరుసూ తుప్పు పట్టిందంటున్నావు. దవడలు కూడా అరిగే ఉంటాయి. ఇలా తెస్తే మొహాలకి వెల్డింగు పోసి చదును చేసిపెడతాను. అప్పుడిక పాతది ఏం మిగిలినట్టు? కాలొక్కటేనా?"

దవడల ఎడమ మూల పల్లంగా అరిగి ఉంది. మా అన్నయ్య ఎప్పుడూ ఆ మూలకే ఇనుము పెట్టేవాడు.

"దవడలు వద్దు. అవి పట్టుకుంటున్నాయి," అంది వదిన.

"నీ ఇష్టం. మర మరి ఎడమేగా? గేర్లు మార్చుకోవాలి నేను."

నేను జవాబు కోసం కూడా చూడలేదు. ఎడమేనని నా మనసులో ఎప్పుడో రాసేసుకున్నాను. ఆమె చేతులకి ఇన్నేళ్లుగా ఎడమ అలవాటు. ఇంట్లో నాన్న ఉన్నాడు. పైగా అది అన్నయ్యది.

"కుడి," అంది వదిన.

లేతు మేస్త్రి నా వైపు చూశాడు. నేను వదిన వైపు చూశాను. ఆమె గోడ మీద వేలాడుతున్న డ్రిల్లు బిట్ల వైపు చూస్తోంది.

"మామూలు మరే కొయ్యి అన్నయ్యా."

దారిలో అడిగాను. అడగకూడదు అనుకుంటూనే అడిగాను.

"ఇన్నాళ్లూ ఆయన పక్కన నిలబడి తిప్పాను," అంది. "ఇప్పుడు ఎదురుగా నిలబడాలి. రోజూ ఎదురుగా నిలబడి, ఎదురు తిప్పుతూ, ఎన్నాళ్లు చెయ్యగలను చెప్పు? నాకు ఓపిక లేదు పంతులమ్మా. ఏడవడానికే ఓపిక లేదు."

ఇంటిదాకా ఎండ మా వెంటే వచ్చింది.

*

"ఎటు కొయ్యమన్నావు?"

నాన్న ఆ ఒక్క ప్రశ్న కోసమే గుమ్మంలో కాచుకుని ఉన్నాడు.

"కుడి మర మామయ్యా."

ఆయన బెంచీ మీంచి లేచాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు.

"మంచం తీశాం. బట్టలు ఇచ్చేశాం. అదొక్కటి మిగిలింది వాడిది," అన్నాడు. "అదీ పంపించెయ్యండి."

లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. వదిన కాళ్లు కడుక్కుని, పొయ్యి దగ్గరికి వెళ్లి, బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది. ఆ పూట ఆయన తినలేదు. వదినా తినలేదు. ఇద్దరికీ వడ్డించి, ఇద్దరి కంచాల మీదా మూతలు పెట్టి, నేను ఒక్కదాన్నే తిన్నాను. ఎవరో ఒకరు తినాలి కదా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే టీ పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్లాను. బెంచీ మీద, ఎప్పటిలాగే వీధి వైపు.

"నాన్నా, అప్పుడందరూ చేతిని మార్చమన్నారు. నువ్వు మరని మార్పించావు."

ఆయన గ్లాసు అందుకున్నాడు.

"చేతిని బట్టి మర ఉండాలని అనుకున్నావు కాబట్టే కదా. ఇప్పుడు చెయ్యి వేరు."

"ఇది బడి కాదు చిన్నీ. నాకు పాఠం చెప్పకు."

నిజమే, పాఠం చెప్పినట్టే చెప్పి ఉంటాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో గొంతుకి ఆ యాస పట్టేసింది, ఇంట్లోనూ వదలదు. నేను లేచి వచ్చేశాను. టీ మాత్రం తాగాడు.

*

మర వచ్చేలోపల స్ప్రింగు చెయ్యాలనుకున్నాం. పాత లారీ స్ప్రింగు పట్టీ ముక్క ఒకటి కొలిమి మూల పడి ఉంది. నేను గాలి చక్రం తిప్పాను. వదిన ముక్కని ఎర్రబెట్టి, సాగదీసి, వంపు తెచ్చి, నీళ్లలో ముంచింది. సుయ్‌మంది. ఆ వెంటనే టక్‌మని చిన్న చప్పుడు. తీసి చూస్తే అడ్డంగా పగిలింది.

"నా మొహం," అంది వదిన. "లారీ పట్టీని నూనెలో ముంచాలి. ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. నా చెయ్యి నీళ్ల తొట్టె వైపే పోయింది."

అలసిపోయిన మనిషికి తెలిసిన పని కూడా తెలియనట్టే చేతిలోంచి జారుతుంది. నా తరగతిలోనూ చూశాను అది. పగిలిన ముక్కని పక్కన పడేసి, మిగిలిన ముక్కతో మళ్లీ చేశాం, ఈసారి నూనెలో. నల్లటి పొగ కమ్మేసింది. ఇద్దరం దగ్గుకుంటూ బయటికి వచ్చాం. బెంచీ మీద నాన్న మా మొహాలు చూశాడు. మసి కొట్టుకుపోయి ఉంటాం. ఆయన పెదవి కొంచెం కదిలిందనుకుంటాను.

లేతు మేస్త్రి మర, నట్టు తనే స్వయంగా తెచ్చి ఇచ్చాడు. కొత్త ఇనుము, తెల్లగా, వేలు పెడితే కోసుకునేంత పదునుగా. నట్టుని వెనక దవడ రంధ్రంలో దించి, కొత్త స్ప్రింగు పెట్టి, ఇరుసు బోల్టు వేసి, పట్టీ చీలలు కొట్టి, కాలిని రాతి గుంటలో నిలబెట్టాం. పిడి మాత్రం పాతదే. మర తలలోని రంధ్రంలోకి అది సులువుగా దూరిపోయింది.

వదిన చువ్వ ఎర్రబెట్టింది. ఎడంచేత పట్టుకారుతో తెచ్చి దవడల మధ్య పెట్టింది. కుడిచెయ్యి పిడి మీద వేసింది. తిప్పింది.

దవడలు విచ్చుకున్నాయి. చువ్వ నేల మీద పడింది.

ఎడమకి తిప్పింది.

"థూ," అంది. మళ్లీ ఎర్రబెట్టింది. మళ్లీ పెట్టింది. చెయ్యి మళ్లీ ఎడమకే పోయింది. కుడి కావాలని తనే అడిగింది, కుడి వచ్చింది, చెయ్యి మాత్రం అన్నయ్య పక్కనే నిలబడి ఉంది. మూడోసారి సరిగా తిప్పింది. ఆ పైసారి మళ్లీ తప్పింది. చువ్వ పడ్డప్పుడల్లా చల్లారుతుంది, చల్లారితే మళ్లీ ఎర్రబెట్టాలి. బొగ్గు అయిపోతోంది, పొద్దు అయిపోతోంది, బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. మధ్యాహ్నానికి ఆమె చువ్వని అక్కడే వదిలేసి దాగలి మొద్దు మీద కూర్చుంది.

"రమ్మను ఆ బండివాణ్ణి," అంది నెమ్మదిగా. "నా వల్ల కాదు."

నేను గాలి చక్రం వదిలి ఆమె పక్కన నిలబడ్డాను. తరగతిలో ఎవరైనా పిల్ల ఇలా కూర్చుంటే, మళ్లీ ప్రయత్నించు అని చెప్పి ఉండేదాన్ని. ఆమెకి మాత్రం చెంబుతో నీళ్లు అందించాను.

బయట నేల మీద చెక్క ఈడ్చిన చప్పుడైంది.

నాన్న బెంచీ జరుపుతున్నాడు. గుమ్మానికి అడ్డంగా, మా వైపు తిప్పి వేసుకున్నాడు. కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. గడప దాటలేదు.

వదిన ఆయన్ని చూసి లేచి నిలబడింది. కాసేపటికి పట్టుకారు అందుకుంది. నేను వెళ్లి చక్రం తిప్పాను. చువ్వ ఎర్రబడింది. తెచ్చి దవడల మధ్య పెట్టింది. చెయ్యి పిడి మీద పడింది.

"కుడికి," అన్నాడు నాన్న.

ఆమె చెయ్యి ఆగింది. కుడికి నొక్కింది. దవడలు కరుచుకున్నాయి.

*

ఆ తర్వాత రోజులన్నీ అలాగే గడిచాయి. నేను గాలి తిప్పడం, వదిన చువ్వ తేవడం, గుమ్మంలోంచి నాన్న అనడం.

"కుడికి."

ఆమెకి అలవాటయ్యాక కూడా అనేవాడు. ఆమె కూడా ఆ మాట వినేదాకా ఆగి తిప్పేది. ఒకసారి ఆయన దగ్గుతూ అనలేకపోతే, వదిన చువ్వ పట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఏం, చెప్తేగాని తెలీదా?" అన్నాడు.

"చెప్పేవాళ్లు ఉన్నారుగా మామయ్యా, నేనెందుకు గుర్తుపెట్టుకోవడం."

బిగించడం కుడికైనా మెలిక మాత్రం ఎడమకే. అన్నయ్య కింది వరసంతా ఎడమకే మెలితిప్పాడు. పై వరస దానికి కలవాలి కదా. అందుకని వైసు కుడికి బిగించి, చువ్వ తలకి రెంచీ తగిలించి, వదిన దాని చుట్టూ ఎడమకి నడిచేది. ఎన్ని చువ్వలు అలా చేసిందో, పడుకున్నప్పుడు కూడా ఆమె చేతులు తిరుగుతూ ఉండేవి.

బడి తెరవడానికి ఇంకా రెండు మూడు రోజులుండగానే పాత ఇనుము బండివాడు వచ్చాడు. బండి గుమ్మానికి అడ్డంగా ఆపాడు.

"ఏం పెద్దాయనా, ఎత్తమంటారా?"

"వెలుగుకి అడ్డం జరుగు ముందు," అన్నాడు నాన్న. "లోపల పని నడుస్తోంది, కనపడట్లా?"

"మీరే కదా రమ్మంది."

"రమ్మన్నాను, వచ్చావు. ఒట్టి చేతుల్తో పోకు." నీళ్లలో పగిలిన స్ప్రింగు ముక్క బెంచీ కిందే ఉంది. అది తీసి వాడి బండిలో వేశాడు. వాడు దాన్ని చూసి, నాన్నని చూసి, గొణుక్కుంటూ బండి తోసుకుపోయాడు. వదిన అటు తిరిగి బొగ్గులు ఎగదోసింది. ఎగదోయాల్సిన అవసరం లేదు అప్పుడు.

చివరి రోజున, ఇంకో చువ్వో రెండు చువ్వలో మిగిలి ఉండగా తప్పు జరిగింది.

అందరం అలసిపోయి ఉన్నాం. నాన్న "కుడికి" అన్నాడు. వదిన బిగించింది. రెంచీ తగిలించింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడేమో, మళ్లీ "కుడికి" అన్నాడు. ఆమె కుడికి నడిచింది. నేను చూస్తూనే ఉన్నాను. కుడి అన్నారు, కుడికే తిరుగుతోంది, సరిగానే ఉందనుకున్నాను.

చువ్వ చల్లారాక మిగతావాటి పక్కన పెడితే తెలిసింది. దీని మెలిక కుడికి పడింది.

తప్పు ఎవరిదో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. చెప్పింది ఆయన అంటుంది వదిన. బిగించడానికి చెప్పాను, తిప్పడానికి చెప్పానా అంటాడు నాన్న. దిద్దాల్సిన పంతులమ్మ పక్కనే ఉంది కదా అని ఇద్దరూ కలిసి నా మీదికి వస్తారు.

ఆ రోజు మాత్రం ఎవరం వాదించుకోలేదు. వదిన చువ్వని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మళ్లీ ఎర్రబెట్టి వెనక్కి తిప్పుతాను."

"విప్పిన మెలిక నిలవదు," అన్నాడు నాన్న. "చిరిగినట్టు కనపడుతుంది."

"వేరే చువ్వ లేదు మామయ్యా."

నాన్న లేచాడు. గడప దగ్గర ఆగాడు. ఆ తర్వాత లోపలికి వచ్చాడు, దారిలో ఉన్న పట్టుకార్ల మీద చెయ్యి వేసుకుంటూ, చీకటి గదిలోకి వచ్చినవాడిలా. చువ్వని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. మెలిక మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందిదాకా నడిపాడు.

"ఉండనీ," అన్నాడు. "మలుపు దగ్గర పెట్టు."

"చూసినవాళ్లు నవ్వరూ?"

"నవ్వనీ."

చువ్వని గోడకి చేరేసి, వైసు దగ్గరికి వెళ్లాడు. కొత్త మర వైపు చూశాడు. పిడి పట్టుకున్నాడు. కుడికి తిప్పి బిగించాడు, ఎడమకి తిప్పి వదిలాడు. దవడలు వెనక్కి కదిలాయి.

"స్ప్రింగు బాగుంది," అన్నాడు.

*

బడి తెరిచే ముందురోజు పై వరస బిగించాం. హెడ్‌మాస్టరుగారు వచ్చి, రెయిలింగు పట్టుకుని ఊపి చూసి, గట్టిగా ఉందని తృప్తిపడి వెళ్లిపోయారు. మెలికలు ఎటున్నాయో ఆయన చూడలేదు. చూడాల్సిన అవసరమూ లేదు ఆయనకి.

నాన్న కూడా వచ్చాడు. మెట్లు ఎక్కుతానన్నాడు. వదిన చెయ్యి అందించబోతే వద్దన్నాడు. ఎడంచెయ్యి రెయిలింగు వైపు వేసి, పై కమ్మీని పట్టుకోకుండా, చువ్వ తర్వాత చువ్వని తాకుతూ ఎక్కాడు. కింది వరసకి చాలా సమయం పట్టింది. మేం వెనకే, మాట్లాడకుండా ఎక్కాం.

మలుపు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. తప్పు మెలిక చువ్వ మీద వేళ్లు బిగిశాయి. అలాగే నిలబడ్డాడు. కింద ఎవరో తరగతి గదులు కడుగుతున్నారు, బకెట్టు జరిపిన చప్పుడు వినిపిస్తోంది. వదిన గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది.

కాసేపటికి నాన్న తర్వాతి చువ్వని పట్టుకున్నాడు.

బడి తెరిచాక నేను రోజూ ఆ మెట్లే ఎక్కి నా తరగతికి వెళ్తున్నాను. పిల్లలు రెయిలింగు మీద చేతులు రాసుకుంటూ పరుగెడతారు, అరిస్తే నడుస్తారు, నేను మలుపు తిరగ్గానే మళ్లీ పరుగెడతారు. తప్పు మెలిక ఎవరూ కనిపెట్టలేదు. ఎక్కేటప్పుడు అది నా ఎడంచేతికి తగులుతుంది. సాయంత్రం దిగేటప్పుడు కుడిచేతికి.